మూడోనాటి ఉప్పు

మా ఇంట్లో చాలాకాలం రెండు శాఖలుండేవి. పచ్చళ్ళ శాఖ అమ్మది, ఆలోచనల శాఖ నాది. ఈ పంపకం ఎవరు చేశారో గానీ ఇద్దరం మా మా పదవులను నిష్ఠగానే నిర్వహించాం. ఆవిడ ఏటా ఎండాకాలంలో ఒక పెద్ద జాడీ, దాని పక్కన చిన్న జాడీలు నింపేది. నేను ఏడాది పొడుగునా వాలుకుర్చీలో కూర్చుని దీర్ఘంగా ఆలోచించేవాణ్ణి. ఏడాది చివర లెక్క చూస్తే ఆవిడ శాఖ పుణ్యమా అని ఇంటిల్లిపాదీ నాలుగు ముద్దలు ఎక్కువ తిన్నారు. నా శాఖ వల్ల ఏం ఒరిగిందో ఎవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు.

అమ్మ పోయాక రెండు శాఖలూ నా నెత్తిన పడ్డాయి. మా ఆవిడ ముందే తేల్చేసింది, "మీ ఇంటి పచ్చడి మీరే పెట్టుకోండి, రేపు తేడా వస్తే నా చేతి మీదికి తోస్తారు" అని. ఆవిడది వరంగల్. వాళ్ళ తొక్కులో అల్లం వెల్లుల్లి ముద్ద పడాలి, నూనె కాచి, పోపు వేసి, చల్లార్చి పోయాలి. మాది తెనాలి వైపు. పచ్చి పప్పునూనె, ఎండలో పెట్టి దంచిన ఆవపిండి, అంతే. పెళ్ళయిన కొత్తలో ఈ రెండు మతాల మధ్య జరిగిన వాదాల సంగతి మొదలుపెడితే అసలు సంగతి వెనకబడుతుంది. రెండు జాడీలు, రెండు అరలు అన్న ఒప్పందం మీద కాపురం నడుస్తోంది.

ఆవకాయ గురించి నాకు బొత్తిగా తెలియదనడానికీ లేదు. ముక్కలు కొట్టడం మా ఇంట్లో మొదటినుంచీ మగవాళ్ళ పనే. పీటకు బిగించిన పెద్ద కత్తి కింద కాయ పెట్టి, ఒక్క దెబ్బకు టెంకతో సహా రెండు చెక్కలయ్యేట్టు కొట్టాలి. దెబ్బ చాలకపోతే టెంక నలుగుతుంది, కాయ జారుతుంది, వేలు తెగుతుంది. చెక్కయ్యాక జీడి తీసి పారేయాలి. జీడి పోయినా టెంక లోపల పల్చటి పొర ఒకటి అంటుకుని ఉంటుంది. దాన్ని గోటితో లాగేసి, ముక్కను పొడిగుడ్డతో తుడవాలి. ప్రతి ముక్కకూ టెంక ఉండి తీరాలి. టెంక లేని ముక్క తొందరగా మెత్తబడి పిండిలో కలిసిపోతుంది. పిల్లప్పుడు నా వాటాకు పొరలు తీయడం వచ్చేది, మీసాలొచ్చాక కత్తి చేతికొచ్చింది. ఆ తరవాతిదంతా ఆడవాళ్ళ చేతి అలవాటు, దానికి ఆలోచనతో పనేముంది అనుకునేవాణ్ణి. ఈ మాట రాయడానికి ఇప్పుడు సిగ్గుగానే ఉంది. అనుకున్నదైతే నిజం.

మొదటి ఏడు నేను చేసిన ఘనకార్యం ఉప్పు తగ్గించడం.

నాకు బీపీ. డాక్టరు ఉప్పు తగ్గించమన్నారు. కొలత ఇంటికొకటి ఉంటుంది. మా ఇంట్లో నాలుగు గిన్నెల ముక్కలకు గిన్నెడు ఆవపిండి, గిన్నెడు కారం, ముప్పావు గిన్నె ఉప్పు. నేను ఆలోచనల శాఖవాణ్ణి కదా, ముప్పావును అర చేశాను. ఆ అరలోంచి కూడా ఒక చారెడు వెనక్కి తీశాను. ఇన్ని తరాల ఆడవాళ్ళకు తట్టని సవరణ నాకు తట్టిందని లోపల్లోపల పొంగిపోయాను. మెహదీపట్నం రైతుబజారులో కాయలు ఏరి, అక్కడే కత్తులేసుకుని కూర్చునేవాళ్ళ చేత కొట్టించకుండా ఇంటికి తెచ్చి స్వహస్తాలతో కొట్టాను. గుంటూరు కారం తెప్పించాను. కలిపిన బేసిన్‌లో మిగిలిన గుండలో వేడన్నం వేసి కలిపి ఇంట్లో అందరికీ తలా ముద్దా పెట్టాను. ఆ ముద్దలు తిన్న మొహాలు చూసి నన్ను మించినవాడు లేడనుకున్నాను. ఆషాఢం దాటకముందే జాడీ మూత తీస్తే ముక్కల మీద తెల్లగా బూజు. బూజు కింద ముక్క వేలికి దిగిపోయింది. మా ఆవిడ ఒక్క మాటా అనలేదు. చెత్తబండి ఎన్ని గంటలకొస్తుందో మాత్రం చెప్పింది.

ఊళ్ళో ఉన్న మా మేనత్తకు ఫోన్ చేశాను. ఆవిడ అంతా విని, "ఉప్పు రుచికనుకున్నావుట్రా నాన్నా?" అంది.

రుచికి కాదని నాకు ఆవిడ తరవాతే పుస్తకాలు చెప్పాయి. ముక్కలోని నీటిని బయటికి లాగేది ఉప్పు. ఆ నీళ్ళలోకి మామిడి పులుపు దిగుతుంది, ఉప్పు కరుగుతుంది, కారం ఆవపిండీ నానతాయి. అదే ఊట. అంత ఉప్పూ అంత పులుపూ ఉన్న ఊటలో కుళ్ళబెట్టే సూక్ష్మజీవులు బతకలేవు. పైన నిలిచే నూనె గాలిని అడ్డుకుంటుంది. బూజుకు గాలి కావాలి. ఉప్పు చాలకపోతే ఊట ఊరికే పుల్లనీళ్ళు. అందులో ఏదైనా బతుకుతుంది, ముక్క తప్ప.

ఇది నా రాతలకు ఎంత దగ్గరి సంగతో అప్పుడు తట్టలేదు. పత్రికలకు వ్యాసాలు రాయడం నాకు పాత అలవాటు. అచ్చుకు పంపే ముందు ఇద్దరు మిత్రులకు చూపించేవాణ్ణి. ఒకాయన ఏది చూపించినా "బ్రహ్మాండం" అనేవాడు. రెండో ఆయన కళ్ళజోడు పైకి తోసుకుని, "ఇది నీకెలా తెలుసు?" అని అడిగేవాడు. కొన్నాళ్ళకు రెండో ఆయనకు చూపించడం మానేశాను. బీపీ పెరుగుతోందని.

ఆ కాలంలో రాసినవి ఈమధ్య అటక మీంచి దించి చదివాను. ఒకటి మరీ ఘోరం. పల్లెల్లో కూడా ఎవరూ పచ్చళ్ళు పెట్టడం లేదు, అందరూ సీసాలు కొనుక్కుంటున్నారు, మన సంస్కృతి అంతరిస్తోంది అని రెండు పేజీలు వాపోయాను. ఏ పల్లెకూ వెళ్ళలేదు, ఎవరినీ అడగలేదు. మా వీధి చివర సూపర్‌మార్కెట్‌లో పచ్చళ్ళ సీసాల అర ఒకటి చూసి, ఆ సాయంత్రమే రాసేశాను. పత్రికలో చూసి మా అత్తయ్య ఫోన్ చేసింది. "నేనుండేది పల్లె కాదుట్రా? మా వీధంతా ఎండలో ఆవాలు పోసుకుని కూర్చున్నాం" అంది. నవ్వుతూనే అంది. నేను నవ్వి, "అత్తయ్యా, అది సాహిత్యం" అన్నాను. సాహిత్యం అని తప్పించుకున్న ప్రతిచోటా ఉప్పు తక్కువైందని ఇప్పుడు అర్థమవుతోంది.

రెండో ఏడు ఉప్పు సరిగ్గా వేశాను. రాళ్ళ ఉప్పు ఎండబెట్టి దంచి మరీ వేశాను. ఈసారి రోగం వేరే. జాడీని ఒంటరిగా వదల్లేకపోయాను. పొద్దున లేవగానే మూత తీయడం, ఆఫీసు నుంచి వచ్చి మూత తీయడం, రాత్రి పడుకునే ముందు సెల్‌ఫోన్ లైటు వేసి చూడడం. ఒకసారి చేతులు కడుక్కుని సగం తుడుచుకుని గరిటె పెట్టాను. మా ఆవిడ చూసింది. "జాడీకి వాసెన కట్టేది దుమ్ము పడకుండా అనుకున్నాను, మీ నుంచి కాపాడడానికని ఇప్పుడు తెలిసింది" అంది. వరంగల్ వాళ్ళు మాట పొదుపు చేయరు.

నా ఆలోచించే పద్ధతీ అచ్చం ఇదే. ఒక విషయం బుర్రలో పడితే దాన్ని పడుకోనివ్వను, నేనూ పడుకోను. రాత్రి రెండింటికి లేచి అదే విషయాన్ని అదే వైపు నుంచి ఇంకోసారి కలుపుతాను. ఇంట్లో ఎవరు కనిపిస్తే వాళ్ళను అభిప్రాయం అడుగుతాను. లిఫ్టులో కనిపించిన పక్క ఫ్లాటాయన్ని కూడా అడిగాను. తడి గరిటెలు వేసీ వేసీ పాడుచేసుకున్న ఆలోచనలు ఎన్నో లెక్కే లేదు. ఇంత శ్రమపడుతున్నాను కాబట్టి ఇదే ఆలోచన అనుకునేవాణ్ణి. గరిటె తిప్పుతున్నంతసేపూ పచ్చడి పెడుతున్నాననే అనుకున్నాను కదా.

జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ 1891లో తన డెబ్బయ్యో పుట్టినరోజు సభలో తన ఆలోచనల రాకపోకల గురించి చెప్పాడు. ముందు సమస్యను అన్నివైపుల నుంచీ కాయితం లేకుండా తిప్పిచూడగలిగేంత శ్రమ పడాలట. తరవాత ఆ అలసట పూర్తిగా తీరాలట. అప్పుడు, ఎండ కాస్తున్న రోజున అడవి గుట్టలు నిదానంగా ఎక్కుతుంటే ఆలోచన దానంతటది వచ్చేదట. బల్ల దగ్గర కూర్చుంటే వచ్చేది కాదట. రవ్వంత మద్యం తగిలినా బెదిరి పారిపోయేదట. పచ్చడికీ తడికీ ఉన్న వైరమే ఇక్కడా.

ఫ్రెంచి గణితవేత్త ప్వాంకరే అనుభవం ఇంకా సరదాగా ఉంటుంది. ఒక లెక్క మీద రోజుల తరబడి కొట్టుకుని, దాన్ని వదిలేసి, గనుల విద్యాలయం వాళ్ళు ఏర్పాటు చేసిన భూగర్భశాస్త్ర యాత్రకు వెళ్ళాడు. కూటాన్స్ అనే ఊళ్ళో బస్సెక్కుతూ మెట్టు మీద కాలు పెట్టగానే జవాబు తట్టింది. పక్కవాళ్ళతో మాట్లాడుతున్న మాట కూడా ఆపలేదు. ఇంటికి తిరిగొచ్చాక తీరిగ్గా కూర్చుని ఆ జవాబు సరైనదో కాదో చూసుకున్నాడు. అప్పటి బస్సంటే గుర్రాలు లాగేదే. 1908లో అచ్చయిన తన పుస్తకంలో ఇదంతా రాశాడు. ఇది చదివి నేనూ మెట్లెక్కడం మొదలుపెట్టాను గానీ మోకాళ్ళు నొప్పి తప్ప ఏమీ తట్టలేదు. ఆయన మెట్టెక్కడానికి ముందు రోజుల తరబడి లెక్క చేశాడన్న ముక్క నేను దాటేశాను. అయితే ఒక్కసారి మాత్రం, ఒక వ్యాసానికి ముగింపు కుదరక వారం రోజులు గింజుకుని వదిలేశాక, చెప్పుల కొట్లో ఒక కాలికి చెప్పు వేసుకుని రెండోది ఎక్కడని అడుగుతుండగా తట్టింది. కొట్టతను రెండో చెప్పు తెచ్చేలోపు బిల్లు వెనక రాసేసుకున్నాను. ఆ చెప్పులు బిగుతు. అయినా తీసుకున్నాను.

బిగించి మూసిన జాడీలో ఏం జరుగుతుందన్నది నాకు పెద్ద వింత. ఆవాలనే తీసుకోండి. పొడి ఆవపిండి డబ్బా మూత తీసి వాసన చూస్తే కళ్ళలో నీళ్ళు రావు. అందులో రెండు చుక్కల నీళ్ళు వేసి కలిపి కాసేపాగి చూస్తే ముక్కుపుటాలు అదిరిపోతాయి. ఆవగింజలో సినిగ్రిన్ అనే పదార్థం ఒకచోట, మైరోసినేస్ అనే ఎంజైము మరోచోట విడివిడిగా ఉంటాయి. గింజ చితికి తడి తగిలితేనే రెండూ కలుస్తాయి. అలా కలిసినప్పుడు పుట్టేది అల్లైల్ ఐసోథయోసైనేట్. మనం ఆవఘాటు అనేది దాన్నే. బూజునూ బాక్టీరియానూ అడ్డుకోవడంలో దానికీ వాటా ఉంది. మరిగే నీళ్ళు పోస్తే మాత్రం ఘాటు రాదు, ఎంజైము చచ్చిపోతుంది. మా ఆవిడ వాళ్ళు కాచిన నూనెను చల్లార్చి గానీ పోయకపోవడానికి ఈ కారణం తెలిసుండాలని లేదు, చల్లారకుండా పోస్తే పచ్చడి బాగుండదని తెలిస్తే చాలు. నా బుర్రలోనూ ఏళ్ళ తరబడి పక్కపక్కనే ఉండి పలకరించుకోని సంగతులు చాలా ఉన్నాయి. అవి ఎప్పుడు చితుకుతాయో, ఏ తడి తగిలి కలుస్తాయో నా చేతుల్లో లేదు. వాటిని సంపాదించి లోపల వేసుకోవడం వరకే నా పని.

గ్రాహమ్ వాలస్ అనే ఆంగ్లేయుడు 1926లో 'ది ఆర్ట్ ఆఫ్ థాట్' అనే పుస్తకంలో ఆలోచనకు నాలుగు దశలు చెప్పాడు. సన్నాహం, పొదగడం, మెరుపు, సరిచూడడం. నాకు అందులో మధ్య రెండూ తెగ నచ్చాయి. పొదిగే దశలో మనం చేయాల్సిందేమీ లేదు, మెరుపు దానంతటదే మెరుస్తుంది. బద్ధకస్తుడికి ఇంతకన్నా మంచి శాస్త్రం ఏముంటుంది? మొదటిదీ చివరిదీ వదిలేసి, మధ్య రెండింటినీ జీవిత విధానంగా పెట్టుకున్నాను. అక్కణ్ణించి మొదలైంది నా మూడో తప్పు. మొదటి రెండిటిలో పోయింది పచ్చడి, కొన్ని వ్యాసాలు. ఇందులో పోయినవి వేరు.

మామయ్య పోయాక మా అత్తయ్య ఊళ్ళో ఒక్కతే ఉండేది. పిల్లల్లేరు. ఒకసారి దొడ్లో జారి పడింది. ఎముక విరగలేదు గానీ తెల్లారేదాకా ఎవరూ చూడలేదు. రాజమండ్రి నుంచి మా అక్క ఫోన్ చేసింది. "ఒరే, అత్తయ్యను ఇంక ఒక్కదాన్నీ ఉంచడం మంచిది కాదు. చెరో ఆరు నెలలూ పెట్టుకుందాం. నువ్వేమంటావు?" అంది. నేను, "ఆలోచించి చెబుతానక్కా" అన్నాను.

నిజంగానే ఆలోచిస్తున్నాననుకున్నాను. ఫ్లాటులో రెండో గది నిండా నా పుస్తకాలు. అత్తయ్యకు లిఫ్టు అలవాటు లేదు. మడి, ఆచారం. మా ఆవిడకు ఇబ్బందేమో. ఎండాకాలం వెళ్ళాక చూద్దాం. పిల్లవాడి పరీక్షలయ్యాక చూద్దాం. అక్క మళ్ళీ అడిగితే, "తొందరపడి తేల్చే విషయం కాదక్కా, ఊరనీ" అన్నాను. పచ్చళ్ళ భాష అప్పటికి నాకు బాగా వంటబట్టింది. దసరా వెళ్ళింది, సంక్రాంతి వెళ్ళింది. ఇంతలో మామయ్య తమ్ముడి కొడుకు వచ్చి అత్తయ్యను నరసరావుపేట తీసుకెళ్ళిపోయాడు. అతనికి ఆలోచించే అలవాటు లేదు, ట్రాక్టరు విడిభాగాల వ్యాపారం.

ఆ విషయం తెలిశాక మా ఆవిడతో అన్నాను, "నేనూ తీసుకొద్దామనే అనుకుంటున్నాను, నీకు ఇబ్బందవుతుందేమోనని..." అని. ఆవిడ చేస్తున్న పని ఆపి, "నన్నెప్పుడడిగారు?" అంది. నిజమే. లిఫ్టులో పక్క ఫ్లాటాయన్ని అడిగినవాణ్ణి ఇంట్లో మనిషిని అడగలేదు. అత్తయ్యనూ అడగలేదు. ఆ గదిలోంచి పుస్తకాలు ఎక్కడికి మార్చొచ్చో ఒక్కసారి కూడా కొలిచి చూడలేదు. అక్క ఫోన్ పెట్టేలోపే నాకు జవాబు తెలుసు. తీసుకురావాలి. అంతకన్నా వేరే జవాబు ఆ ప్రశ్నకు లేదు. ఆ తరవాత నెలల తరబడి నేను చేసింది ఆలోచన కాదు. కాదనడానికి మర్యాదగా కనిపించే కారణం కోసం వెతుకులాట.

అన్నీ ఆవకాయలు కావు. దోసకాయ ముక్కలు, పచ్చిమిరపకాయలు రోట్లో కచ్చాపచ్చాగా నూరి పెట్టుకునే పచ్చడి ఉంటుంది. మధ్యాహ్నం నూరితే మధ్యాహ్నమే తినాలి. మర్నాటికి వాసనొస్తుంది. పరామర్శ, క్షమాపణ, జారిపడ్డ ముసలావిడకు గది ఖాళీ చేయడం ఈ జాతివి. నేను రోటిపచ్చడిని జాడీలోకెత్తి, వాసెన కట్టి, ఊరుతోందని అందరికీ చెప్పాను.

నన్ను నేను వెనకేసుకురావడానికి డార్విన్‌ను కూడా పిలిచాను. అక్కతోనే అన్నాను, "1838లో తట్టిన ఆలోచనను ఆయన 1859 దాకా అచ్చు వేయలేదు తెలుసా?" అని. అక్క ఏమీ అనలేదు. ఆ తరవాత కొన్ని నెలలు నాతో అవసరమైతే తప్ప మాట్లాడలేదు. తరవాత డార్విన్ గురించి కాస్త బుద్ధిగా చదివాను. ఆయన జాడీకి మూత పెట్టి మర్చిపోలేదు. 1842లో 35 పేజీల చిత్తు పెన్సిలుతో రాసి చూసుకున్నాడు. 1844లో దాన్ని 230 పేజీలకు పెంచాడు. తనకేమన్నా అయితే దాన్ని అచ్చు వేయించమని, అందుకు 400 పౌండ్లు కేటాయించమని భార్యకు ఉత్తరం రాసి పెట్టాడు. పావురాలు పెంచేవాళ్ళను అడిగాడు, సముద్రపు నత్తగుల్లల మీద ఏళ్ళు గడిపాడు. 1858లో ఆల్ఫ్రెడ్ వాలెస్ అనే మరో శాస్త్రవేత్త నుంచి అదే ఆలోచనతో ఉత్తరం వచ్చేసరికి ఈయన దగ్గర చూపించడానికి సరుకుంది.

అన్నిటికన్నా నన్ను పట్టుకున్నది ఆయన ఆత్మకథలోని చిన్న సంగతి. తన సిద్ధాంతానికి ఎదురు తిరిగే విషయం ఏది కనిపించినా వెంటనే రాసి పెట్టుకునేవాడట. అనుకూలమైనవి గుర్తుంటాయి గానీ ప్రతికూలమైనవి తొందరగా జారిపోతాయని ఆయన అనుభవం. నేను అత్తయ్య విషయంలో సరిగ్గా దీనికి తలకిందులు. రాకూడదనడానికి దొరికిన కారణాలన్నీ పోగేశాను, రావాలనడానికున్న ఒకే ఒక్క కారణాన్ని జారనిచ్చాను. డార్విన్ వేసుకున్నది ఉప్పు. నేను చారెడు వెనక్కి తీశాను. బూజు పట్టడానికి అది చాలు.

ఏటా ఎండలు తగ్గేవేళకు అత్తయ్య దగ్గర నుంచి బస్సు పార్సిల్లో చిన్న జాడీ మాగాయ వచ్చేది. మామిడి ముక్కలు ఉప్పులో ఊరేసి, వాటిని పిండి ఎండబెట్టి, ఆ ఊటను కూడా విడిగా ఎండలో పెట్టి, మళ్ళీ అందులోనే ముక్కలు వేసి చేసేది. ఆ ఓపిక నాకెప్పటికీ రాదు. ఆ ఏడు రాలేదు. ఫోన్ చేస్తే, "ఇక్కడ వాళ్ళ వంటిల్లు కదరా నాన్నా, నా జాడీలు ఎక్కడ పెట్టను?" అంది. నిష్ఠూరం కాదు. ఉన్నమాట చెప్పింది. అందుకే ఇంకా గుచ్చుకుంది.

నరసరావుపేట వెళ్ళాను. మా ఇంటికి రమ్మని అడిగాను. గది ఖాళీ చేశానని చెప్పాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని కూర్చుంది గానీ రానంది. "ఇక్కడ అలవాటైపోయిందిరా. వీడు పొద్దున్నే ఓసారి, రాత్రి ఓసారి వచ్చి పలకరిస్తాడు. మళ్ళీ కదిలితే కుదురుకోలేను" అంది. నేను పట్టుబట్టలేదు. పట్టుబట్టే హక్కు ఆరు నెలల ముందే పోగొట్టుకున్నాను. భోజనాలయ్యాక ఆవిడే ఆవకాయ సంగతి ఎత్తింది. ఉప్పు ఎంత వేశావు, ఎప్పుడు చూశావు అని ఆరా తీసింది. కలిపిన రోజునే నాలిక మీద వేసుకుని చూశానంటే కోప్పడింది.

"మొదటి రోజు పచ్చడి అబద్ధమాడుతుందిరా. ఉప్పు ఉప్పుగానే ఉంటుంది, ముక్క ముక్కగానే ఉంటుంది. మూడో రోజు తియ్యి. అప్పటికి ఊట దిగి, నూనె పైకి తేలి ఉంటుంది. పొడి చేత్తో అడుగు నుంచి పైదాకా తిరగకలుపు. అప్పుడు నాలిక మీద వేసుకో. చాలకపోతే అప్పుడే కలుపు. మళ్ళీ కట్టెయ్యి. ఇంక నెల్లాళ్ళు దాని జోలికెళ్ళకు."

రాసుకున్నాను. ఆ రాసుకున్న కాయితం ఒకటి వంటింట్లో జాడీల అర లోపలివైపు అంటించాను, ఇంకొకటి నా రాతబల్ల సొరుగులో పెట్టాను. వాలస్ నాలుగో దశ అని నేను దాటేసినదేదో అదీ ఈ కాయితంలోదే. ప్వాంకరే ఇంటికొచ్చి సరిచూసుకున్నదీ అదే. పొద్దస్తమానం మూత తీసినవాణ్ణీ నేనే, అసలు తీయనివాణ్ణీ నేనే. తీయాల్సిన రోజు ఒకటుంటుందని మాత్రం నాకు తెలియలేదు.

ఇప్పుడు వ్యాసం రాశాక మూడో రోజు తీసి ఆ రెండో మిత్రుడికి పంపుతున్నాను. ఆయన ఇంకా అదే ప్రశ్న అడుగుతున్నాడు. ఇదీ పంపాను. "సముద్రపు నత్తగుల్లలు కాదు, బార్నకిల్స్. అవి పీతల జాతి, నత్తలు కావు. ఇది నీకెలా తెలుసు?" అని రాసి పంపాడు. నాకు తెలియదు. పైన దిద్దకుండా అలాగే వదిలేశాను, ఆయన ఉప్పు ఎక్కడ పడిందో మీకూ కనిపించాలని. ఇంట్లో ఎవరైనా ఏదైనా అడిగితే "ఆలోచించి చెబుతాను" అనే ముందు జవాబు నాకు అప్పటికే తెలుసేమోనని ఒక్క క్షణం చూసుకుంటున్నాను. చాలాసార్లు తెలిసే ఉంటోంది. అలాంటప్పుడు చెప్పేస్తున్నాను. మా ఆవిడకు ఈ మార్పు అనుమానంగా ఉంది.

ఈ వేసవిలో కొత్తగా ఆవకాయ పెట్టబోయేవాళ్ళకు ఒక మాట. కాయలు పుల్లగా, టెంక ముదిరినవి చూసి తీసుకోండి. కడిగాక పూర్తిగా తుడిచి ఆరబెట్టండి. జాడీ, గరిటె, చెయ్యి, మూడూ పొడిగా ఉండాలి. ఉప్పు మూడో రోజునే చూడండి. బీపీ ఉన్నవాళ్ళు జాడీలో ఉప్పు తగ్గించకండి, కంచంలో ముక్క తగ్గించుకోండి.